నూనెడబ్బా చెరిపేసిన జవాబులు

బస్సు మలుపు తిరగడంతో పక్కసీటావిడ ఒళ్ళోని దుప్పటి మూట జారి కుట్టుమిషన్ల మెకానిక్ మోకాలికి తగిలింది. మూటలో ఉన్నది మిషను తలే. ఆవిడ నొచ్చుకుంటూ, చక్రం బిగుసుకుపోయిందనీ, ఎవరికైనా చూపిద్దామని బయల్దేరాననీ చెప్పింది. "నెట్లో మా గ్రూపువాళ్ళు నన్ను సూదిపిన్ని అంటారు. సొంత మిషను దగ్గరే బోల్తాపడ్డాను."

ఆ పేరు వినగానే మెకానిక్ మూటను ఆవిడ వైపు నెట్టేశాడు.

పాత మిషన్లు బాగుచేసేవాళ్ళ గ్రూపు అది. ఒకరు పాడైన మిషను ఫొటో పెడితే, మొహాలు ఎరగనివాళ్ళు తలా ఒక మాట సాయం చేసి దాన్ని నడిపిస్తారు. అక్కడ ఇతని పేరు నూనెడబ్బా. ఇతను ఒంటివేలితో అక్షరం అక్షరం పొడిచేసరికి సూదిపిన్ని జవాబు అక్కడ కాళ్ళు బారజాపుకుని కూర్చునేది. దండాలూ పూలబొమ్మలూ ఆవిడకే. నాలుగూళ్ళు తిరిగినవాళ్ళకు తెలుసు, ఎదురింటివాడి మీద కుళ్ళుకు ఎప్పుడో ఒకప్పుడు అలుపొస్తుంది, వాడి దగ్గు మనకూ వినిపిస్తుంది కనక. మొహం తెలియనివాళ్ళ మీద కుళ్ళుకు ఆ అలుపూ ఉండదు. అన్నం ముందు కూర్చుని కూడా ఫోను చూస్తూ పళ్ళు నూరేవాడు. నమలడానికైనా కాస్త మిగుల్చుకోమని భార్య దెప్పేది. చివరికి ఒకనాడు ఉక్రోషం పట్టలేక తన పాత జవాబులన్నీ చెరిపేశాడు.

"అందరికీ చెప్పేవారు, మీకే తెలియలేదా?" అన్నాడు పుల్లవిరుపుగా.

"నాకేం తెలుసండీ? నూనెడబ్బాగారని ఒకాయన ఉన్నారు. ఆయన పాత జవాబులు వెతికి, ఎవరికి కావలసింది వాళ్ళకి అందించేదాన్ని. కింద ఆయన పేరూ రాసేదాన్ని. కిందిదాకా ఎవరు చదువుతారు? ఈ చక్రం సంగతీ ఆయన రాసిందే. ఇప్పుడు చూస్తే ఒక్కటీ లేదు. పాపం, మనిషికేమైందో."

కిందిదాకా అతనూ ఎన్నడూ చదవలేదు. మొదటి ముక్కకే ఒళ్ళు మండేది.

నేనే అనబోయాడు. అంటే, ఎందుకు చెరిపేశారని అడుగుతుంది. దానికి బదులు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. చక్రం నడిమి మర విప్పి, చక్రాన్ని ఊడలాగి, వెనక చుట్టుకున్న దారపు ముద్దను గోటితో పీకి మళ్ళీ బిగించాడు. చక్రం గిర్రున తిరిగింది.

"బతికించారన్నయ్యా. ఇది గ్రూపులో పెడతాను, అందరికీ పనికొస్తుంది. ఎవరు చెప్పారని రాయను?"

ఆవిడ ఫోను అప్పుడే తెరిచింది. ఇక ఆవిడకే రాబోయే పూలబొమ్మలన్నీ అతనికి కనబడ్డాయి. అతని స్టాపు ఇంకా దూరమే. అయినా లేచి, బస్సు ఆగీ ఆగకముందే దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.