ఆంధ్ర దాకా పోయొచ్చిన మేస్త్రీ

కొల్లాపూర్‌లో ఫైబర్ నీళ్ల ట్యాంకులకు అతుకులు వేసే మేస్త్రీ ఆయన. దేన్నైనా ముందు వేలి గణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. చాయ్ గ్లాసును కూడా తట్టాకే తాగేవాడు.

ఆ ఏడు నేను సోమశిల దగ్గర కృష్ణలో, చేత తెరచాప పట్టుకుని, పలక మీద నిలబడి గాలివాటున అలలపై సాగే ఆట నేర్చుకుంటున్నాను. ఒక ఉదయం నా పలక రాయికి తగిలి పగిలింది. మేస్త్రీని పిలిపించాను. తట్టి విన్నాడు.

"కడుపుల నీళ్లు జొచ్చినయి సార్. ఫికర్ చెయ్యకు."

ఎండలో ఆరబెట్టి, ఫైబర్ గుడ్డతో, జిగురుతో అతుకు వేశాడు. మధ్యాహ్నానికి అది గట్టిపడింది. నేను చేయి చాపితే పలక ఇవ్వలేదు.

"పరీక్ష చెయ్యకుంట నేను ఏ సామానూ ఇయ్య."

లుంగీ ఎగ్గట్టి, పలక మీద మోకాళ్లూని తెర ఎత్తాడు. గాలి ఒక్కసారి గుంజుకుపోయింది. తెర వదిలేయమని నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన అవతలి ఆంధ్ర ఒడ్డు వైపు చిన్న మచ్చయి, కనబడకుండా పోయాడు. ఈత వచ్చో రాదో అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. లాంచీల రేవుకు పరుగెత్తాను.

పొద్దుగూకే వేళ నెత్తిన పలకతో లాంచీ దిగాడు.

"ఆంధ్ర దాకా పోయొచ్చిన సార్, బొట్టు నీళ్లు ఎక్కలె. ఎన్కకు మలుపుడెట్లనో నువ్వే చెప్పకపోతివి."