నల్లా కింద ఇరవై నిమిషాలు

ఈ రోజు కోరుట్లలో మా మిర్చి బండి దగ్గర, మస్కట్‌లో ఉన్న మా ఆయనతో వీడియో కాల్ మాట్లాడుతూ బజ్జీలు వేస్తున్నాను. మరిగే నూనె చిట్లి ముంజేతి మీద పడింది. పక్కన చాయ్ అమ్మే రాజవ్వ పళ్ళ పేస్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

ఫోన్లోంచి మా ఆయన కేకేశాడు. “పేస్టు పెట్టకు! చెయ్యి వాస్తది, గాజులు తీసి నల్లా కింద పెట్టు. మా కంపెనీల గిట్లనే నేర్పిండ్రు.”

“మొగడు దూరదేశంల ఉండంగ గాజులు తీస్తరా బిడ్డా?” అంది రాజవ్వ.

“గా మొగన్ని నేనే చెప్తున్న గదనే అవ్వా, తియ్యనియ్యి!”

తీసేశాను. ఇరవై నిమిషాలు నీళ్ళు పారాలన్నాడు. రోజూ రెండు మాటలకే డ్యూటీ ఉందని ఫోన్ పెట్టేసే మనిషి, అన్నం ముందు పెట్టుకుని తినకుండా నా చేతినే చూస్తూ కూర్చున్నాడు. మస్కట్ పోయినప్పటి నుంచి ఇంతసేపు నా ఎదురుగా ఉన్నది ఈ రోజే.

“మంట తగ్గిందా?” అని అడిగాడు.

“ఇంకా తగ్గలే” అన్నాను.

అప్పటికే తగ్గిపోయింది. మీరైతే చెప్పేవారా?