ద్రాక్షతోట షెడ్డులో కడియం కథ

మొన్న మేడ్చల్ చౌరస్తాలో తోపుడుబండి మీద పండ్లమ్మే ఒకాయన నా కళ్ల ముందే ఒక చెక్కపెట్టె మూత ఊడదీశాడు. ఇప్పుడు పండ్లన్నీ ప్లాస్టిక్ బుట్టల్లోనో అట్టపెట్టెల్లోనో వస్తున్నాయి. ఆ ఒక్క పెట్టె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు గానీ, మూత లేవగానే ఎండు వరిగడ్డి, తడిసి ఆరిన పాత పేపరు, ఎండకు కాస్త పులవడం మొదలుపెట్టిన ద్రాక్ష, మూడూ కలిసిన వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. జామకాయలు కొందామని ఆగినదాన్ని ఏమీ కొనకుండా అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనలో నాకు మళ్లీ తొమ్మిదేళ్లు. ఒంటిపూట బడి అప్పుడే వదిలారు. పలకసంచి ఊపుకుంటూ తోట వైపు పరుగెత్తుతున్నాను.

అప్పట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో చాలాచోట్ల ద్రాక్షతోటలుండేవి. రాతి కడీలు నాటి, తీగలు లాగి, మనిషి ఎత్తున పందిరి అల్లేవారు. బయట ఎండ కళ్లలో గుచ్చుతుంటే పందిరి కింద మాత్రం ఆకుపచ్చని నీడ ఉండేది. మైలుతుత్తం మందు కొట్టిన ఆకుల మీద నీలం మరకలు, వాటి మధ్య వేలాడే గుత్తులు, గుత్తుల కోసం వచ్చే చిలకలు, చిలకల్ని తోలడానికి పిల్లలం కొట్టే రేకుడబ్బాల మోత. పండక ముందే రాలిన పులుపు కాయల్ని అవ్వ కొంగులో వేసుకొచ్చి, పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయ వేసి రోట్లో నూరితే, ఆ తొక్కు జొన్నరొట్టెలో పెట్టుకుని తింటున్నంతసేపూ నాలుక చురచురమనేది, అయినా ఇంకో రొట్టె కావాలనిపించేది. మోదుగుపూలు రాలిపోయి చింతచిగురు మొదలయ్యే ఆ నెలన్నరలోనే కోతంతా అయిపోవాలి.

తెల్లవారుతూనే కోసిన గుత్తులు పదింటికల్లా రేకుల షెడ్డులోకి చేరేవి. అక్కడ పది పన్నెండు మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, సన్నమూతి కత్తెరలతో పగిలిన పండ్లూ, పచ్చికాయలూ ఏరి కత్తిరించి, గుత్తిని పెట్టెలో పేర్చేవారు. మోచేతుల దాకా జిగురు, జిగురు మీద ఈగలు, అప్పుడప్పుడూ ఒక కందిరీగ. చేతులకు తీరిక ఉండేది కాదు, నోళ్లకు మాత్రం బోలెడంత తీరిక. అందుకే అక్కడ కథలు నడిచేవి. మా ఇంట్లోంచి ఇద్దరు ఆ పనికి వెళ్లేవారు, అవ్వ, ఆమె చిన్నకూతురు సుగుణ. సుగుణ నాకు చిన్నత్త. పంతొమ్మిదేళ్లుంటాయి. నవ్వితే ఎడమవైపు దంతం ఒకటి బయటికొచ్చేది, కోపమొస్తే మాత్రం పళ్లు కాదు కదా, మాట కూడా బయటికొచ్చేది కాదు.

కథ చెప్పడంలో అవ్వను మించినవాళ్లు లేరని అవ్వకే గట్టి నమ్మకం. ఆ ఏడాది కడియం కథ ఎత్తుకుంది. తల్లి పోయిన పిల్ల, సవతితల్లి చేత బండచాకిరి, రాజుగారి జాతర. బావి దగ్గర ఒక ముసలమ్మ పిల్లకు పట్టుచీర, కాళ్లకు వెండి కడియాలు ఇచ్చి, దీపాలు పెట్టేలోగా తిరిగి రమ్మంటుంది. పిల్ల జాతరకు వెళ్తుంది. రాజు కొడుకు ఆమె పక్కన కూర్చుని పొద్దుగూకేదాకా ముచ్చట్లు చెబుతాడు. చీకటి పడుతుందనగా పిల్ల లేచి పరుగెత్తుతుంది, కోనేటి మెట్ల మీద ఒక కడియం జారిపోతుంది. ఈ కడియం ఎవరి కాలికి సరిపోతే ఆ పిల్లనే చేసుకుంటానని రాజు కొడుకు ఊరూరూ తిరుగుతాడు.

అవ్వ అక్కడిదాకా వచ్చిందో లేదో రూతమ్మ కత్తెర పక్కన పెట్టింది. రూతమ్మ చర్చి వాడ నుంచి వచ్చేది. ఆ నెలంతా ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల ఉపవాసంలో ఉండి, సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె బుద్ధి మరీ పదునెక్కుతుందని మా అవ్వ అనేది.

"ఆగక్కా," అంది రూతమ్మ. "పొద్దందాక పక్కకు కూసొని మాట్లాడిండు. పిల్ల మొకం యాదికి లేదా? కడియం వట్కొని తిరుగుడేంది? కండ్లు లేవా గాయనకు?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. అవ్వ మూతి ముడుచుకుంది. "కథ ఇంటే ఇను, లేకుంటే లే," అని, ఆ పూటకు కథ ఆపేసింది. ఇంటికొచ్చాక కూడా అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఏదో ఆలోచిస్తూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పెట్టె ముందు కూర్చుంటూనే చెప్పింది. "రూతమ్మా, ఇను. గా రాజు కొడుకు చిన్నప్పటి సంది ఎవల మొకం సూడలేడు. నోరు తెరిస్తె సాలు, రాజు నిండు కొలువుల ఇజ్జత్ తీస్తుండె. గందుకే తలకాయ ఎత్తడు. జాతరల గూడ పిల్ల కాళ్లనే సూస్కుంట మాట్లాడిండు. ఆయనకు తెలిసింది కాళ్లే."

ఎవరూ నవ్వలేదు. రూతమ్మ, "అయ్యో కొడుకా," అంది మెల్లగా.

అప్పటినుంచి ఆ కథ అవ్వ ఒక్కదానిదిగా ఉండలేదు. సవతితల్లికి అంత కసి ఎందుకని ఒకామె అడిగితే, ఇంకొకామె, మొగుడు పోయి ఇద్దరు ఆడపిల్లలున్నదానికి మూడో పిల్ల బరువు కాదా, అది కసి కాదు భయం అంది. ముసలమ్మ ఇచ్చిన చీర కట్టుకుని పిల్ల తానెవరినని చెప్పుకుంది అని ప్రశ్న వచ్చింది. మంత్రి బిడ్డనని చెప్పుకుందని తేల్చారు. అందుకే పరుగెత్తింది, చీకటికి భయపడి కాదు, దొరికిపోతానని. ఉగాదికి రెండు రోజులు సెలవిస్తే, పప్పూ బెల్లం కూరిన బచ్చాలు తింటూ కూడా నేను ఆ పిల్ల గురించే ఆలోచించాను. నా లెక్కలో ఆమె చిన్నత్తలాగే ఉండేది, ఎడమ దంతంతో సహా.

దానికి కారణముంది. మాఘమాసంలో దేవరయాంజాల్ రామాలయంలో మా దూరపు చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, చిన్నత్త మా అమ్మ పట్టుచీర కట్టుకుంది. అక్కడ మల్లేశం అనే అబ్బాయి ఆమె వెంటే తిరిగి, నీళ్లందించి, నవ్వించి, తాను దూలపల్లి కంపెనీలో మిషన్ ఆపరేటర్‌నని చెప్పాడు. మనిషి మాటకారి, ఒక మాటకు పది మాటలు చెప్పేవాడు. చిన్నత్త తాను పదో తరగతి పాసయ్యానని చెప్పింది. నేను ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆమె లెక్కల్లో పోయిందని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. నెల తిరక్కుండా వాళ్ల ఇంటి నుంచి కబురొచ్చింది. చదువుకున్న పిల్ల అని వాళ్లు సంబరపడుతుంటే అవ్వ ఔననలేదు, కాదనలేదు. సంబంధం ఖాయమైంది.

ఉగాది దాటిన వారం, కథలో కడియం పిల్ల కాలికి సరిపోయింది. అందరూ హమ్మయ్య అనుకుంటుండగా రూతమ్మ మళ్లీ అడిగింది. "కడియం సరిపోయె, మంచిదే. మంత్రి బిడ్డనని జెప్పిన అబద్ధం సంగతేంది?"

"లగ్గమైనంక గవన్ని ఎవలడుగుతరే," అంది అవ్వ.

చిన్నత్త కత్తెర ఆగింది. నేను ఆ ఆగడం చూశాను. తెలిసిన సంగతి కడుపులో దాచుకోలేని వయసు. తెలివిగల మాట చెబుతున్నాననుకుని గట్టిగా అనేశాను: "చిన్నత్తా, నువ్వు గూడ పది పాసైన అని మల్లేశం మామకు జెప్పినవ్ గద!"

మిగతా కత్తెరలన్నీ ఒకేసారి ఆగాయి. చిన్నత్త ముఖం కందిపోయింది. చేతిలో గుత్తిని పెట్టెలో పెట్టి, లేచి, పందిరి కిందికి వెళ్లిపోయింది.

ఇంట్లో అవ్వ నా వీపు మీద ఒకటి వేసి, చిన్నత్త వైపు తిరిగింది. "ఇగ నోరు మూస్కొని ఉండు. వాళ్లకెట్ల తెలుస్తది? తెలిసే యాల్లకు లగ్గమైపోతది." చిన్నత్త నాతో మాట్లాడటం మానేసింది. నాలుగు రోజులు నా జడ మా అమ్మే వేసింది. ఆ నాలుగు రోజుల్లో చిన్నత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అయిదో రోజు బడి దగ్గరికే వచ్చి, "నడువ్," అంది. బస్సెక్కి కొంపల్లిలో దిగాం. అక్కడినుంచి మట్టిరోడ్డు మీద దూలపల్లి వైపు నడిచాం. రెండు పక్కలా రేకుల కంపెనీలు, ప్లాస్టిక్ కాలిన వాసన. ఒక గేటు ముందు లారీ ఆగి ఉంది. భుజం మీద మూటతో, జుట్టు నిండా తెల్లటి పొడితో ఒకతను లారీ వైపు వస్తున్నాడు. అతనే మల్లేశం. మమ్మల్ని చూసి మూట దించనూ లేదు, ఎత్తుకుని నడవనూ లేదు, అలాగే ఆగిపోయాడు.

"నేను పది పాస్ గాలె," అంది చిన్నత్త. "లెక్కలల్ల పోయింది. అబద్ధం జెప్పిన."

"ఎందుకు జెప్పినవ్?"

"నువ్వు ఆపరేటర్‌నని అంటివి. నేను తక్కువైతనని జెప్పిన."

పది మాటలు చెప్పే మనిషి ఒక్క మాటా చెప్పలేదు. మూట లారీలో వేసి, వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్లిపోయాడు. చిన్నత్త గేటు దగ్గర కాసేపు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది, దారంతా నా చెయ్యి మాత్రం వదల్లేదు.

వారానికి మల్లేశం వాళ్ల ఊరి నుంచి కబురు: కంపెనీ గేటు దాకా వచ్చిన పిల్లకు నోరెక్కువ, మాకొద్దు. అవ్వ నెత్తి కొట్టుకుంది. షెడ్డులో కథ మళ్లీ మొదలు కాలేదు. మట్టల ఆదివారం పోయింది, ఈస్టర్ పోయింది, రూతమ్మ ఉపవాసం విడిచింది. తోటలో నాలుగు వరసలు మిగిలాయి.

ఆ చివరి రోజుల్లోనే, ఒక మిట్టమధ్యాహ్నం, మల్లేశం షెడ్డు గడపలో వచ్చి నిలబడ్డాడు. పన్నెండు మంది ఆడవాళ్లు అతన్ని తలనుంచి కాళ్ల దాకా చూశారు. "నేను ఆపరేటర్‌ను గాదు," అన్నాడు. "మూటలు మోస్త. ఆమె వచ్చి జెప్పింది. నాకు నోరు రాలె."

"నాకు గారోజే తెలుసు," అంది చిన్నత్త, కత్తెర ఆపకుండా. "మూట భుజం మీదనే ఉండె. నువ్వు జెప్తవేమో అని సూసిన. ఇన్ని దినాలు ఎందుకు వట్టింది?"

"భయమైంది."

షెడ్డులో ఎవరో సన్నగా నవ్వారు. చిన్నత్త నవ్వలేదు. "మల్ల పది రాస్త. పాసైనంకనే లగ్గం," అంది.

ఆమె మొండితనం అలాంటిది. ఆ సెప్టెంబరులో రాసింది, పోయింది. మార్చిలో రాసింది, పోయింది. "ఇంకోసారి రాస్తె నేను ముసలోన్నైత," అని మల్లేశం మామ మా నాయిన దగ్గర మొరపెట్టుకున్నాడు. చివరికి చిన్నత్త, మల్లేశం ఇంటివాళ్లు కూడా దిగొచ్చాక, వైశాఖంలో పెళ్లయింది. లెక్కలు ఇప్పటికీ పాస్ కాలేదు.

కొన్నేళ్లకు బోర్లు ఎండాయి. పందిళ్లు కూల్చారు, రాతి కడీలు ఎవరో ప్రహరీలకు పట్టుకుపోయారు. తోట ఉన్నచోట ఇప్పుడు గేటు పెట్టిన విల్లాలు, షెడ్డు ఉన్నచోట పిల్లల ఈతకొలను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. రూతమ్మ చూపు తగ్గినా మనవరాలి చెయ్యి పట్టుకుని ఆదివారం చర్చికి వెళ్తోంది. పుస్తకాల్లో రాకుమారులు ఇంకా తిరుగుతూనే ఉన్నారు గానీ, పది మంది ఆడవాళ్లు పనిచేసుకుంటూ వాళ్లను నిలదీసే చోటు మాత్రం మా వైపు ఇప్పుడు ఎక్కడా లేదు.

చిన్నత్త వాళ్లు నాగారంలో ఉంటారు. మామ ట్రాలీ ఆటో నడుపుతాడు, ఇప్పటికీ ఒకటికి పది చెబుతాడు. ఆమెకు కోపమొస్తే ఇప్పటికీ నాలుగు రోజులు మాట ఉండదు. పెట్టె వాసన తగిలిన ఆ రోజే వాళ్లింటికి వెళ్లాను. భోజనాల దగ్గర, ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగేశాను: ఆనాడు అందరి ముందూ అలా అన్నందుకు నా మీద కోపం పోయిందా అని.

చిన్నత్త అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని గరిటె అందుకుంది.

"పోలె," అంది. "నువ్వు అనకపోతె నా అంతల నేనే జెప్తుంటినో లేదో, ఇగ నాకు ఎన్నటికి తెల్వది గద."

అని, నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.