మా లసుమత్త షావుకారు వేషం

జగిత్యాలలో చదువుకుంటున్న మా మనవరాలు తెచ్చిన కాగితాల కట్టకు జిరాక్సు దుకాణం వాసన ఇంకా పోలేదు. ఒకవైపే అచ్చు వేయించి అంత కాగితం పాడుచేసిందని ముందు కోప్పడి, ఆ తర్వాతే కళ్ళద్దాలు పెట్టుకున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కుంటూ రెండు పేజీలు చదివేసరికి ఛాయ్ చల్లారిపోయింది. నాటకాల్లో, సినిమాల్లో, టీవీలో, బొమ్మల కథల పుస్తకాల్లో ఉండే హాస్యం గురించి పండితులు రాసినవట. కిందివాడు పైవాడిని చూసి నవ్వుకుంటే మనసు మీది భారం దిగుతుందని ఒకాయన రాశాడు. దిగిన భారం ఎవరి నెత్తిన పడుతుందో మాత్రం ఆయన రాయలేదు.

సిరిసిల్లలో మాది గుంట మగ్గం ఇల్లు. ముసురు పట్టిన వానకాలం మధ్యాహ్నాల్లో గంజి వాసన, తడిసిన గోడల వాసన, పొయ్యి మీద ఉడికే మక్కగుడాల వాసన కలిసి ఇల్లంతా నిండిపోయేవి. వాడకట్టు ఆడవాళ్ళు రాట్నాలు పట్టుకొచ్చి, మా అర్రలో మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని కండెలకు నూలు చుట్టేవాళ్ళు. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోయి మా ఇంటికి తిరిగొచ్చిన నాన్న చెల్లెలు లసుమత్త ఉన్నట్టుండి లేచి, నాన్న రుమాలు తలకు చుట్టి, మాకు నూలిచ్చే షావుకారు అయిపోయేది. పొట్ట ముందుకు పెట్టి, నేసిన చీరను రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురుకు పట్టి, వాసన చూసి, లేని తప్పు కోసం వెతికి వెతికి, చివరికి "గీ చీరెల తప్పు దొర్కకపోవుడే పెద్ద తప్పు" అనేది. ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక రాట్నాలు వదిలేసేవాళ్ళు. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్న నాన్న మగ్గం చప్పుడు కూడా సరిగ్గా ఆ మాట దగ్గర ఆగేది.

ఒకనాడు షావుకారే మా ఇంటికొచ్చాడు. నాకప్పుడు ఏడేళ్ళు. అందరూ నవ్వే ఆటను ఆయనొక్కడే చూడలేదు కదా అని, రుమాలు చుట్టుకుని ఆయన ముందే నడిచి, చీర వాసన చూసి చూపించాను. ఆయన కదలకుండా చూశాడు.

"మంచిగ చేస్తున్నవ్ బిడ్డా. ఎవ్వలు నేర్పిండ్రు?" అని మెల్లగా అడిగాడు.

"మా అత్త" అన్నాను గర్వంగా.

ఆ వారం మాకు నూలు రాలేదు. పై వారమూ రాలేదు. నాన్న అత్తను వెంటబెట్టుకుని షావుకారు ఇంటికి పోయాడు. అక్కడ ఆమె ఏమన్నదో, ఏం చేయాల్సి వచ్చిందో నాకెవరూ చెప్పలేదు. ఇంటికి తిరిగొచ్చి నూలు మూట దించి నాన్న, "మా నోట్లె మన్ను కొడ్తవా లసుమా? ఇగ గవన్ని బందు పెట్టు" అన్నాడు. మగ్గం ఆపి మరీ విన్న మనిషే. అత్త పోయి రాట్నం ముందు కూర్చుంది. నన్నెవరూ కొట్టలేదు.

మరుసటేడు ఆమె చుట్టాలింట్లో ఉండి బీడీలు చేసుకుంటానని కోరుట్ల పోయింది. అక్కడే కాలం చేసింది. ఆమె బతికుండగా, నేను పిల్లల తల్లినయ్యాక ఒక్కసారి వెళ్ళాను. ఛాయ్ పోసింది, వానల సంగతి మాట్లాడింది. నేను చెప్పాలనుకున్న మాట బస్సెక్కేదాకా నోట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లలెవరైనా ఇంకొకరి నడక నడిచి చూపిస్తే కసిరి కూర్చోబెట్టాను.

ఇప్పుడు మా వాడలో గుంట మగ్గాలు లేవు. పవర్‌లూముల మోతలో పక్క మనిషి నవ్వినా వినబడదు. కండెలు మిషన్లే చుడుతున్నాయి, ఆడవాళ్ళు గుంపుగా కూర్చునే పనే లేదు.

"ఆడోళ్ళు నవ్విచ్చిన ముచ్చట్లు ఏ పుస్తకంల దొర్కుతలెవ్వు అమ్మమ్మా. నీకేమన్న ఎరుకనా?" అని మనవరాలు అడిగింది. లసుమత్త పేరు చెప్పి రాసుకోమన్నాను. ఎట్లా చేసేదో చూపించమంటే, లేచి పొట్ట ముందుకు పెట్టి నాలుగడుగులు వేశాను. పిల్ల పడి పడి నవ్వింది. నేను కూర్చుండిపోయాను. ఆనాటి షావుకారు ముఖం ఇంకా కళ్ళ ముందుంది. నవ్వించేటప్పటి అత్త ముఖం ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు.