హత్సుయే మామ్మ మెచ్చని గొంతు

మధ్యాహ్నం పాట మోగింది. జపాన్ కొండల్లోని కమినుమా పేటలో స్తంభానికి కట్టిన మైకులోంచి ఆ పాట రాగానే ఎవరి పని వాళ్ళు పక్కన పడేసి అన్నానికి లేస్తారు. ఓరిన్ కూడా చెవులకున్న తొడుగులు తీసి, వంటగదిలోకి వచ్చి, సోయా ముద్దతో చేసే మీసో చారు పొయ్యి మీద పెట్టాడు. అలవాటు కొద్దీ కిటికీలోంచి, కొండవాలులో తనకు పైనున్న ఇంటివైపు చూశాడు. హత్సుయే మామ్మ ఇంటి చూరుకు నిచ్చెన ఆనించి ఉంది. కప్పు మీద మంచు తోస్తుండాల్సిన మామ్మ లేదు.

భోజనానికి లోపలికి వెళ్ళి ఉంటుందిలే అనుకున్నాడు. చారులో తోఫూ ముక్కలు వేశాడు. గరిటె చేతిలో ఉండగానే మళ్ళీ కిటికీ దగ్గరకు వచ్చాడు. ఎందుకంటే మామ్మ పని మధ్యలో దిగితే నిచ్చెన తీసి గోడవారగా పడుకోబెట్టకుండా లోపలికి వెళ్ళదు. నిలబెట్టిన నిచ్చెన చూస్తే పక్కవాళ్ళు 'అయ్యో, ఈ వయసులో ముసలమ్మ కప్పెక్కింది' అని కంగారు పడతారట. ఎనభై దాటిన మనిషి కప్పెక్కడంలో ఆమెకు తప్పేమీ కనపడదు. ఎక్కినట్టు నలుగురికీ తెలియడమే తప్పు.

పైగా కప్పు ఒకవైపు సగం మంచు పోయి నల్లగా ఉంది. పొద్దున్న అక్కడ నడుమెత్తు మంచు ఉండడం ఓరిన్ కళ్ళారా చూశాడు. రోజుల తరబడి కురిసి కురిసి ఇవాళే ఎండ కాసింది. ఎండ కాసిన రోజునే మంచు జారుతుంది. పొద్దుటినుంచి ఊళ్ళో ఏదో ఒక కప్పు మీదినుంచి ధబ్బుమని పడుతూనే ఉంది. అన్ని చప్పుళ్ళలో ఏది ఎవరి ఇంటిదో ఎవరికి తెలుస్తుంది?

వెళ్ళి చూడాలి. కాని జనం అన్నాలు తినే వేళ ఒకరి గుమ్మంలో నిలబడడం ఈ పేటలో ఎంత మోటుదనమో ఓరిన్‌కు బాగా తెలుసు. నేర్పినది కూడా ఆ మామ్మే.

అతను అమెరికాలో, మోంటానా పచ్చిక బయళ్ళలో పుట్టినవాడు. తండ్రికి ఆవుల మంద ఉండేది. సాయంత్రం గుట్ట మీద నిలబడి తండ్రి ఒక్క కేక పెడితే, కనుచూపు మేరకు అవతల ఉన్న ఆవులు కూడా తలలెత్తి ఇంటిదారి పట్టేవి. ఆ గొంతే కొడుక్కీ వచ్చింది. బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఇరవై ఏళ్ళ కిందట కమినుమా వచ్చి, దిగిన వారంలోనే వసారాలో నిలబడి వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడాడు. మర్నాడు పొద్దున్నే హత్సుయే మామ్మ ముల్లంగి ఊరగాయ పట్టుకుని వచ్చింది. అప్పటికి ఆమె మామ్మ కాదు, ఒంటరిగా ఉంటున్న పక్కింటావిడ. నడుం దాకా వంగి, "మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది. తనకు వచ్చిన కొద్దిపాటి జపానీతో అతను ఎంతో సంబరపడి జవాబు చెప్పాడు. అమ్మ మోకాళ్ళ సంగతి ఈవిడకెలా తెలిసిందన్న ఆలోచన ఊరగాయ సగం తిన్నాక వచ్చింది. అతను మాట్లాడింది ఇంగ్లీషే అయినా, పదేపదే వినపడిన 'నీ' అన్న ఇంగ్లీషు మాటకు మోకాలని అర్థం తెలుసుకోవడానికి ఆవిడ బడి పంతులు దగ్గరకు వెళ్ళిందట. సిగ్గుతో చచ్చినంత పనైంది.

చెత్త సంగతీ అంతే. సీసాలూ కాగితాలూ ఒకే సంచిలో కలిపి పడేస్తే, ఆ సంచి మధ్యాహ్నానికి మళ్ళీ అతని గుమ్మంలో ప్రత్యక్షమైంది. సీసాలు కడిగి ఉన్నాయి, కాగితాలు మడిచి దారంతో కట్టి ఉన్నాయి. తిట్టు లేదు, మాట లేదు. తిట్టినా బాగుండేదని ఓరిన్ ఇప్పటికీ అంటాడు. అలా దెబ్బ మీద దెబ్బ తిని మనిషి అణిగాడు. తలుపు చప్పుడు కాకుండా వేయడం, తుమ్మొస్తే మోచేతిలో తుమ్మడం, ఒకరికి ఇబ్బంది కలిగించకుండా బతకడం నేర్చుకున్నాడు. పిల్లలు లేక బడి మూతపడ్డాక కూడా ఊరు వదల్లేదు. ఇంట్లోనే కూర్చుని యంత్రాల పుస్తకాలు ఇంగ్లీషులోకి మార్చుకుంటూ ఉండిపోయాడు. ఎక్కడికి వెళ్ళినా తన గొంతు తనకే కొత్తగా వినిపించేటంత మెత్తబడ్డాడు.

పొయ్యి ఆర్పి, బూట్లు తొడుక్కుని, మెట్లెక్కి మామ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మామ్మగారూ... లోపలున్నారా?" అని మర్యాదగా, మెల్లగా పిలిచాడు.

తలుపు కొద్దిగా జరిపాడు. చెప్పులు విడిచేచోట ఆమె మంచు బూట్లు లేవు. లోపల కిరసనాయిలు స్టవ్ వెలుగుతోంది. దాని మీద కెటిల్లో నీళ్ళు ఇగిరిపోయి అడుగు చుర్రుమంటోంది. పెరట్లోకి వెళ్ళినా స్టవ్ ఆర్పి మరీ వెళ్ళే మనిషి ఆమె. ఓరిన్ బూట్లతోనే లోపలికి దూకి స్టవ్ ఆర్పి, ఇంటి వెనక్కి పరుగెత్తాడు. ఇన్నేళ్ళలో బూట్లతో ఒక ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు.

వెనక మంచు దిబ్బ చూరు దాకా లేచి ఉంది. ఇల్లు ఎంత పొడవో దిబ్బ అంత పొడవు. ఎక్కడని తవ్వుతాడు? చేతులతోనే రెండు మూడుచోట్ల గోకాడు. జారిపడిన మంచు అప్పుడే బిగుసుకుపోయింది, రాయిలా ఉంది. ఫోను తీసి పేట పెద్ద తదొకోరోకు చేశాడు.

"అన్నం తింటున్నట్టున్నారు, క్షమించండి, ఒక్క చిన్న..." అని నోటికి అలవాటైన మాటలే వచ్చాయి. తనమీద తనకే ఒళ్ళు మండింది. "మామ్మ మంచు కింద కూరుకుపోయింది. రండి!"

తదొకోరో గడ్డానికి అన్నం మెతుకుతోనే వచ్చాడు. వెనక ఐదుగురు మగవాళ్ళు, పారలతో, పొడవాటి వెదురు కర్రలతో. అందరూ ముసలివాళ్ళే, ఆ ఊళ్ళో ఓరిన్ పడుచువాళ్ళ లెక్కలోకి వస్తాడు. ఎవరూ కేకలు వేయలేదు, ఒకరినొకరు గద్దించుకోలేదు. వరసగా నిలబడి కర్రలు మంచులోకి దింపడం మొదలుపెట్టారు.

"ఎంత సేపైంది?" అన్నాడు తదొకోరో.

"తెలీదు. నేను చెవులకు తొడుగులు పెట్టుకుని పని చేసుకుంటున్నా."

"నిచ్చెన దగ్గర చూడండి. దిగబోతూ పడుంటుంది. ఈవిడ ఒక్కతే ఎక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాం? ఫోను చేస్తే చాలు, వచ్చి తీసిపెడతాం కదా. చెయ్యదే! మనకు సెలవు రోజు పాడవుతుందట!" ఏడవలేక తిడుతున్నాడు ఆయన.

నిచ్చెన దగ్గర తవ్వారు. కర్రలు ఒకటి తర్వాత ఒకటి నేలకే తగులుతున్నాయి. తల మీద, కప్పు రెండో సగంలో, ఇంకా జారని మంచు చూరు దాటి ముందుకు ఒరిగి వేలాడుతోంది. దాని అంచునుంచి నీళ్ళ చుక్కలు తవ్వేవాళ్ళ మెడలమీద పడుతున్నాయి. అది జారితే అందరూ మామ్మ పక్కనే. అది అందరికీ తెలుసు, అందుకే ఎవరూ తల పైకెత్తడం లేదు.

తదొకోరో చెయ్యెత్తాడు. "ఆపండి. ఊపిరి కూడా బిగబట్టండి. లోపల్నుంచి పిలుస్తుందేమో విందాం."

పారలు ఆగాయి. చూరునుంచి చుక్కలు రాలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. "హత్సుయే గారూ," అని తదొకోరో మంచుమీదికి వంగి పిలిచాడు, నిద్రపోతున్న పాప లేస్తుందేమో అన్నంత మెల్లగా. మళ్ళీ విన్నారు. ఏమీ లేదు. ఒకాయన టోపీ తీశాడు.

అప్పుడు తట్టింది ఓరిన్‌కు. వీళ్ళు ఆమె పిలుస్తుందని వింటున్నారు. ఆమె పిలవదు! ప్రాణం పోతున్నా పిలవదు. ఆరుగురు మగవాళ్ళు అన్నం వదిలేసి తన కోసం వచ్చి నిలబడ్డారని తెలిస్తే మరీ పిలవదు. ఆ మనిషి నోరు తెరవాలంటే ఒకటే దారి. పక్కవాడెవడైనా నలుగురికీ ఇబ్బంది కలిగించాలి.

ఓరిన్ దిబ్బ ఎక్కాడు. అతను ఊపిరి నిండా పీల్చడం చూసి తదొకోరోకు అర్థమైంది.

"ఓరిన్! వద్దు! పైన మంచు వేలాడుతోంది, కనపడ్డం లేదా? అరిస్తే కదులుతుంది!"

"మీరంతా వెనక్కి పోండి."

"నీకు పిచ్చా?"

"పోండి!" అన్నాడు ఓరిన్. పేట పెద్దను అలా అనడం కూడా అదే మొదలు.

వాళ్ళు గోడ అంచు దాకా వెనక్కి నడిచారు. ఓరిన్ ఒక్కడే వేలాడే మంచు కింద నిలబడ్డాడు. కేక పెట్టబోతే గొంతు లేవలేదు. ఏళ్ళ తరబడి అణచుకున్న గొంతు, పిల్లి కూతలా వచ్చి ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. గుట్ట మీద నిలబడ్డ తండ్రిని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్న తండ్రిని తలుచుకున్నాడు.

"హో... ఓ... ఓ... ఓయ్! హత్సుయే... ఏ... ఏ!"

లోయ అవతలి కొండ ఆ కేకను తిప్పి కొట్టింది. ఊళ్ళో కుక్కలన్నీ లేచాయి. కింద రోడ్డు మీద ఎవరిదో కారు ఆగింది. చూరు మీద ఎక్కడో మంచు కిర్రుమంది, గుప్పెడు పొడి ఓరిన్ భుజాన రాలింది. అతను కదల్లేదు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి పెట్టేసరికి గొంతు చీరుకుపోయి రక్తం రుచి తగిలింది.

నిచ్చెనకు చాలా దూరంగా, ఇంటి అవతలి మూల, చలికాలం కిటికీలకు అడ్డంగా బిగించే చెక్కల దగ్గరనుంచి, సన్నగా ఒక గొంతు వచ్చింది.

"ఓరిన్‌గారూ... జనం అన్నాలు తినే వేళ... కాస్త మెల్లిగా."

తదొకోరో ఏడ్చేశాడు. ఏడుస్తూనే పార పట్టుకుని అందరికంటే ముందు పరుగెత్తాడు. వేలాడే మంచు సంగతి ఎవరికీ గుర్తు లేదు. చెక్కలకూ దిబ్బకూ నడుమ మనిషి పట్టేంత సందులో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పెదవులు నీలంగా ఉన్న మామ్మ దొరికింది. ఎడమ కాలు విరిగింది. నలుగురూ మోసుకుని రోడ్డు మీదికి తెచ్చి దించగానే, వెనక ధబ్బుమంది. మిగిలిన సగం కప్పు మీది మంచు వాళ్ళు తవ్విన గోతిలోకే దిగింది.

అంబులెన్సులో ఎక్కిస్తుంటే మామ్మ ఒక్కొక్కరికీ తల వంచి క్షమాపణ చెప్పుకుంది. తదొకోరో గడ్డం మీది మెతుకు చూసి, "అయ్యో, మధ్యలో లేచొచ్చావా?" అని నొచ్చుకుంది.

"పిలవొచ్చు కదమ్మా!" అని ఆయన కసిరాడు. "మేం పిలుస్తుంటే వినపడలేదా?"

"వినపడింది. పాట మోగిందిగా, అందరూ అన్నాలకు కూర్చుంటారు, తిని లేచాక పిలుద్దామనుకున్నా. ఈలోగా మీరే వచ్చేశారు. అంతమందిని చూసి... కాదు, విని... సిగ్గుతో నోరు రాలేదు."

ఇంకాసేపైతే పిలవడానికి ఊపిరి ఉండేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. మామ్మ ఆ మాట కూడా తల వంచుకుని, ఆయన తీరిక పాడుచేసినందుకు క్షమాపణ చెప్పుకుంటూ విన్నదట.

మంచు కరిగే రోజుల్లో కర్ర ఊతంతో ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడే ఆ ఆరుగురి ఇళ్ళకూ మిఠాయి పెట్టెలు పట్టుకుని కుంటుకుంటూ తిరిగింది. అన్నిటికంటే దగ్గరున్న ఓరిన్ ఇంటికి ఆఖర్న వచ్చింది. పెట్టె ఇవ్వలేదు. గుమ్మంలో కూర్చుని చాలాసేపు కర్ర కొనతో నేల గీసింది.

"మీ నాన్న కేకేస్తే ఆవులు ఇంటికొచ్చేవన్నావు కదూ?"

"వచ్చేవి మామ్మా."

"ఊఁ." మళ్ళీ కాసేపు గీసింది. "లోపలుండగా చాలా భయమేసింది, ఓరిన్. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. చాలా భయమేసింది." 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని, 'గారు' రాలిపోయిందని అతను గమనించాడు, గమనించినట్టు కనపడనివ్వలేదు. "అంచేత... నీకు ఇబ్బంది కాకపోతే... రోజూ పొద్దున్న ఒక్కసారి కేకెయ్యి. నేను పలుకుతా. పలక్కపోతే నువ్వు రా."

"కేకా? ఎంత గట్టిగా?"

"అంత గట్టిగానే. నాకు సిగ్గొచ్చి పలికేంత గట్టిగా." లేచి రెండడుగులు వేసి ఆగింది. "చెత్తబండి వెళ్ళాకే సుమా. ముందు కాదు."

మర్నాడు చెత్తబండి వెళ్ళింది. ఓరిన్ వసారాలోకి వచ్చి, ఇటూ అటూ చూసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. కేక కొండదాకా వెళ్ళి తిరిగొచ్చింది. కుక్కలు మొరిగి ఊరుకున్నాయి. పై ఇంట్లో అలికిడి లేదు. అతను చెవులు రిక్కించి నిలబడ్డాడు. మంచులో నిలబడిన నాటి చలి మళ్ళీ అరికాళ్ళలోకి ఎక్కింది. బూట్ల కోసం వంగాడు.

పై ఇంటి కిటికీ ధడాలున తెరుచుకుంది.

"ఉన్నా...నోయ్!" అని ఎనభై దాటిన గొంతు లోయంతా వినపడేలా అరిచింది. "ఉన్నా! కట్టుడు పళ్ళు పెట్టుకోనిస్తావా లేదా!"