తల మీది ఫ్యాన్

మా రైలు దొడ్డబళ్ళాపురం దాటి బెంగళూరుకు వస్తోంది. ఒళ్ళో మూడు నెలల నా కూతురు జ్వరంతో కాలిపోతోంది. తల మీది ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా భయంతో బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

"ఫ్యాన్ చెడిపోయుండాదప్పా! ఏం జేసేది?" అని ఎదురు సీటు పెద్దాయనతో అంటూ ఏడ్చేశాను.

"ఫ్యాన్ బాగానే ఉండాదమ్మా. బండి నిలిస్తేనే అదీ నిలుస్తాది, చూడు. చక్రాలు తిరిగితేనే కరెంటు పుడతాది; నిలిచినప్పుడు ఇచ్చేదానికి కింద బ్యాటరీలో సత్తువ లేదు."

యలహంకలో బండి ఆగింది, ఫ్యానూ ఆగింది. ఆయన లేచి తువ్వాలుతో విసరసాగాడు.

"బండి కదిలేదాకా నేనే బ్యాటరీ!"

బెంగళూరులో అందరూ దిగిపోతున్నా, నేను బిడ్డను ఎత్తుకుని లేచేదాకా ఆయన చెయ్యి ఆగలేదు.

నా కూతురిప్పుడు బడికి పోతోంది. అయినా ఎక్కడ ఫ్యాన్ ఆగినా, నా వేలు దాని ముక్కు దగ్గరికే పోతుంది.