మా ఇంటి నెత్తురు, తవుడుకి కొన్న బాబాయి

మొన్నటి వానల్లో వచ్చిన వైరల్ జ్వరం నన్నూ ఓ పట్టు పట్టింది. రక్తపరీక్షకి ఇచ్చిన మర్నాడు పొద్దున్నే రిపోర్టు మా కోడలి ఫోనులో వచ్చి వాలింది. అందులో ప్లేట్‌లెట్లు అన్న మాట పక్కన కిందికి చూస్తున్న ఎర్రబాణం కనబడేసరికి ఆ పిల్లకి కాళ్ళూ చేతులూ ఆడక, ఆసుపత్రికని నా బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నేనేమో మంచం మీద పడుకుని నవ్వుకుంటున్నాను. జ్వరం నెత్తికెక్కిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది కూడాను. ఆ బాణం మా పుట్టింటికి పాత చుట్టమని, దాని మూలంగా ఒకప్పుడు అమలాపురంలో మా వాళ్ళంతా ఒక బల్ల మీద వరసగా కూర్చుని జబ్బలు చాపవలసి వచ్చిందని ఆ కంగారులో ఎవరు వింటారు? నా ఈడువాళ్ళయితే వింటారని మీతో చెప్పుకుంటున్నాను.

రెండువేల సంవత్సరం వచ్చి కొన్నేళ్ళయింది, డెంగీ అన్న పేరు మా వైపు కొత్తగా వినబడుతున్న రోజులు. నేను రాజోలు దగ్గర బళ్ళో టీచరుగా చేస్తూ పుట్టింటి ఊళ్ళోనే కాపురం ఉండేదాన్ని. మా నాన్నకి అక్క, అంటే మా మేనత్త, అత్తవారిల్లు కూడా ఆ ఊరే. నా చిన్నప్పుడు జడ వేసి, ఆవకాయన్నం కలిపి, బడికి తోలిన చెయ్యి ఆవిడది. ఆ చెయ్యి ఎక్కడ తగిలినా కమిలిపోయేది. గాజులు తొడిగించుకున్న మర్నాడు ముంజేయంతా నేరేడుపండు రంగు తేలేది. దాన్ని జబ్బనుకోవడం అటుంచి, మా ఇంటి ఆడపిల్లల ఒళ్ళు అరిటాకు లాంటిదని, అంత సుకుమారమని మా నాయనమ్మ పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి నగ చూపించినట్టు చూపించిందట. మా నాన్నకీ అంతే, గెడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడితే భోజనాలవేళ దాకా చెంపకి దూది అంటించుకుని తిరిగేవాడు. ఎవరికైనా ముక్కులోంచి నెత్తురు కారితే వేడి చేసిందని బొండం కొట్టించి తాగించేవారు. మా వైపు వేడి చెయ్యని వస్తువు లేదు, బొండం నీళ్ళకి లొంగని రోగమూ లేదు.

ఈ సుకుమారం అంటనిది మా బాబాయికొక్కడికే. కొబ్బరిచెట్టు సగంలోంచి జారిపడ్డా లేచి దుమ్ము దులుపుకుని పోయే రకం. అందుచేత చిన్నప్పటి నుంచీ ఆయన్ని తవుడుకి కొన్నామని ఇంటిల్లిపాదీ ఏడిపించేవారు. తెలుగునాట ఏదో ఒకనాడు తవుడుకి కొనబడని పిల్లవాడు ఉండడనుకోండి, కానీ పెద్దయ్యాక అందరూ నవ్వేసి మర్చిపోతారు. మా బాబాయి మర్చిపోలేదు. మీసాలు నెరుస్తున్నా సరే, ఆ మాట చెవిన పడితే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆ ఏడు వానాకాలంలో మేనత్తకి జ్వరం వచ్చింది. సూది పడందే జ్వరం దిగదని మా ఊరంతటికీ నమ్మకం, ఆవిడకి మరీను. మా ఊరి ఆర్.ఎం.పి. గారు మాత్రలతో సరిపెడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "మాత్రలు మా ఇంట్లోనూ ఉన్నాయండీ, సూది మీ దగ్గరేగా ఉందీ" అని ఆయన నోరు కట్టేసింది. ఆయన ఒళ్ళునొప్పులకని తుంటికి ఓ ఇంజెక్షన్ పొడిచి వెళ్ళాడు. అక్కడ ముందు అరచేయంత కమిలి, ఆనక పళ్ళెమంత అయింది. ఆ చోటు ఎవరికి చూపిస్తుంది పాపం, సిగ్గుపడి బోర్లా పడుకుంటే జ్వరతాపం కాబోలనుకున్నాం మేము. ఒళ్ళు తుడవబోయిన నా కంట పడింది.

కారు మాట్లాడుకుని అమలాపురం తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు గారు కుర్రవాడే, కానీ నిదానస్తుడు. రిపోర్టు చూసి, నెత్తురు గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు ఈవిడకి అడుగంటాయని, ఈ జ్వరాల్లో అవి పడిపోతూంటాయని చెప్పి, జ్వరానికి ముందు ఎన్ని ఉండేవని అడిగాడు. మాకు తోటలో చెట్ల లెక్క తెలుసు గాని ఒంట్లో కణాల లెక్క ఎవరికి తెలుసు? మా నాన్న చేతులు కట్టుకుని, "మా ఇంట్లో అందరిదీ సుకుమారమేనండీ ఆయ్, గోరు తగిలితే కమిలిపోతామండి" అన్నాడు, ఆ అవస్థలోనూ కాస్త గర్వంగానే. డాక్టరు కలం కింద పెట్టి ఆ సుకుమారం సంగతంతా ఓపిగ్గా చెప్పించుకున్నాడు. నిండుగా ఉన్న కణాలు జ్వరానికి ఒక్కసారిగా పడిపోయి ఉంటే వెంటనే కాకినాడ పెద్దాసుపత్రికి పంపించాలిట. పుట్టుకతోనే తక్కువైతే అంత కంగారు అక్కర్లేదు గాని ఏమరుపాటూ పనికిరాదట, అడుగున ఉన్న బియ్యంలోంచి గుప్పెడు తీసినా డబ్బా ఖాళీ అవుతుంది కదా అన్నాడు. అది తేలాలంటే రక్తసంబంధీకులందరికీ పరీక్ష చెయ్యాలన్నాడు.

అలా మేము ఆ బల్ల మీద కూర్చున్నాం. పొలంలో పాముని తోక పట్టి విసిరేసే మా నాన్న సూదిని చూసి కళ్ళు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు. బాబాయి మాత్రం అడక్కముందే చొక్కా చెయ్యి పైకి మడిచి అందరికంటే ముందు కూర్చున్నాడు.

నాన్నకి తక్కువే, నాకూ తక్కువే. డాక్టరు మైక్రోస్కోపులో చూసి, మా కణాలు తక్కువైనా సైజులో పెద్దవని, కొన్నిటిని మిషను లెక్కలోకి తీసుకోదని, ఇది తరతరాలుగా వస్తున్నదని తేల్చాడు. ఆ పెద్దవన్న మాట పట్టుకుని మా నాన్న తరవాత ఏడాదిపాటు ఊరంతా చెప్పుకున్నాడు. ఇక బాబాయి కణాలు లక్షణంగా నిండుగా ఉన్నాయిట. డాక్టరు సంతోషంగా ఆ మాట చెబితే బాబాయి మొహం మాడిపోయింది. "అయితే తవుడుకి కొన్నమాట నిజవేనన్నమాట" అని గొణిగి చరచరా బయటికి నడిచాడు. పిల్లలందరికీ ఈ గుణం రావాలని లేదని డాక్టరు వెనకనుంచి కేకేసి చెబుతున్నా వినిపించుకోలేదు.

నవ్వొచ్చే సంగతే గాని మేము నవ్వలేదు, ఎందుకంటే ఆ సాయంత్రమే మేనత్త చిగుళ్ళలోంచి నెత్తురు కారడం మొదలైంది. ఉన్నవే కొద్ది, వాటిలో జ్వరం కూడా వాటా పట్టుకుపోతోందన్నమాట. అవసరమైతే ఎక్కించడానికి రక్తం ఇచ్చే మనిషిని దగ్గర ఉంచుకోమన్నాడు డాక్టరు. నాన్న లేచాడు, నేను లేచాను, మా ఇద్దరినీ కూర్చోమన్నాడు. మా నెత్తురు మాకే చాలదు, ఇంకొకరికి ఏం పెడతాం? మాలో గ్రూపు కలిసి, పనికొచ్చేవాడు బాబాయొక్కడే. టీకొట్టు దగ్గర అలిగి కూర్చున్న మనిషి, సంగతి తెలియగానే చేతిలో గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చాడు.

ఆ తరవాత ఆసుపత్రి వరండాలోంచి ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ మేనత్తకి బొండాలు పట్టుకొచ్చేవారు, నెత్తురు పట్టాలని వాటిలో సగం ఈయనే తాగేవాడు. మడిచిన చొక్కా చెయ్యి దించేవాడు కాదు. నర్సమ్మ అటు వెళ్ళినప్పుడల్లా, "తీస్తారాండీ?" అని లేచి నిలబడేవాడు. మేనత్త మంచం మీద నుంచి ఇదంతా చూసి చూసి, నీరసంగా నవ్వి, "తవుడుకి కొన్నా నాన్నగారు మంచి బేరవే చేసేర్రా తమ్ముడూ" అంది. ఆ మాట విని ఆయన లేచిపోలేదు. తలుపు పట్టుకుని నవ్వుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, మా మేనత్త పోతుందేమోనన్న భయమంతా ఆ ఏడుపులో పోయింది.

నెత్తురు ఎక్కించాల్సిన అవసరం రాలేదు. చిగుళ్ళు కారడం ఆగింది, జ్వరం దిగింది, కణాలు కూడా మా ఇంటి మర్యాదకి తగ్గట్టు కొద్దిగానే పెరిగి అక్కడ ఆగాయి. ఇకమీదట సూదులకోసం ఎవర్నీ దెబ్బలాడవద్దని, నొప్పిమాత్రలు అడక్కుండా మింగవద్దని డాక్టరు మేనత్తచేత ఒట్టు వేయించుకున్నాడు. బాబాయి మాత్రం, ఒక్క సీసా అయినా తీసుకోకపోయేరని చాలాకాలం నిష్టూరమాడాడు. ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికి, ముసలితనంతోనే వెళ్ళిపోయింది. నాన్నా వెళ్ళిపోయాడు.

మొన్న ఆసుపత్రిలో నన్ను చేర్చుకున్న డాక్టరమ్మ కూడా, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. ఉండేది, ఇప్పుడు బల్ల మీద కూర్చోబెట్టడానికి మాత్రం ఆ సుకుమారం వాళ్ళెవరూ లేరు. అప్పట్లో ఒకరికి జ్వరమొస్తే ఊరు సగం బొండాలతో దిగేది, మంచం పక్కన నిలబడే చోటుండేది కాదు. ఇప్పుడు నా ఫోను నిండా దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు వచ్చాయి, మంచం పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. వాళ్ళ తప్పని అనను, ఎవరి పరుగులు వాళ్ళవి.

ఆ కుర్చీలోకి ఓ మధ్యాహ్నం బాబాయి వచ్చి కూర్చున్నాడు. కర్ర ఊతంగా ఒక్కడూ బస్సెక్కి వచ్చాడు. కూర్చుంటూనే చొక్కా చెయ్యి మడిచాడు. ఈ వయసులో మీ దగ్గర రక్తం తీసుకోరండీ అని నర్సు పిల్ల చెబితే, "వయసు సంగతి ఎందుకండీ, లోపల సరుకు చూడండి" అని కాసేపు వాదించి, ఇక లాభం లేదని చెయ్యి దించుకుని, ఆ చేత్తోనే నా ముంజెయ్యి పట్టుకుని బస్సు వేళయ్యేదాకా వదల్లేదు. మర్నాటికి ఆయన వేళ్ళ గుర్తులు నా చేతి మీద నేరేడు రంగులో తేలాయి. కోడలు మళ్ళీ కంగారుపడింది. అవి మాసిపోతున్న కొద్దీ నాకే దిగులేసింది.